ఒక అంకె, రెండు మాటలు: లినక్స్‌లో మ్యాజిక్ వర్మ్‌హోల్ పెట్టుకోవడం ఎలా?

మా చెల్లెలి పెళ్లి వీడియో 6 గిగాబైట్లు. కావాలని అడిగినవాడు డల్లాస్‌లో ఉన్న మా బాబాయి కొడుకు. జీమెయిల్ 25 మెగాబైట్లు దాటితే జత చేయనివ్వదు. వాట్సాప్ 2 గిగాబైట్ల దగ్గర చేతులెత్తేస్తుంది. గూగుల్ డ్రైవ్ ఉచితంగా ఇచ్చే 15 గిగాబైట్లలో నా పాత ఫొటోలు ఏళ్ల తరబడి కాపురం చేస్తున్నాయి. ఇద్దరివీ లినక్స్ కంప్యూటర్లే కాబట్టి కమాండ్లు కొట్టే కిటికీ, అంటే టెర్మినల్, తెరిచి ఒక కమాండ్ కొట్టాను. తెర మీద వచ్చిన కోడును ఫోన్లో చదివి వినిపించాను. “అన్నయ్యా, పొటాటో అంటే మన బంగాళాదుంపేనా?” అన్నాడు వాడు. అదే. వాడు ఆ మాట కొట్టి ఎంటర్ నొక్కగానే వీడియో కదిలింది.

ఆ పని చేసిపెట్టిన పనిముట్టు పేరు మ్యాజిక్ వర్మ్‌హోల్. దీన్ని బ్రయాన్ వార్నర్ పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాశాడు. 2016లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో జరిగిన పైకాన్ సదస్సులో దీని గురించి వివరించాడు. ఎంఐటీ లైసెన్సు కింద ఉంది కాబట్టి ఉచితం, మూలకోడు కూడా బహిరంగం. ఖాతా తెరవక్కర్లేదు, ఫోన్ నంబరు ఇవ్వక్కర్లేదు. ఫైలు మధ్యలో ఎవరి దగ్గరా నిల్వ ఉండదు. పంపేవారు, అందుకునేవారు ఇద్దరూ ఒకే సమయంలో కంప్యూటర్ ముందు ఉండాలి, అదొక్కటే షరతు.

కమాండ్లన్నీ ఇక్కడ తెలుగు లిపిలో ఉంటాయి. మీరు టెర్మినల్లో కొట్టేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి. పెద్ద అక్షరం కావలసిన చోట విడిగా చెబుతాను. పదానికీ పదానికీ మధ్య ఒక ఖాళీ ఉంటుంది, అడ్డగీత తర్వాత ఖాళీ ఉండదు. వర్మ్‌హోల్ అనే మాటకు ఇంగ్లీషులో ఎనిమిది అక్షరాలు: డబ్ల్యూ, ఓ, ఆర్, ఎం, హెచ్, ఓ, ఎల్, ఈ. మధ్యలో ఉన్న హెచ్‌ను చాలామంది మింగేస్తారు, జాగ్రత్త.

ముందు మీ లినక్స్ ఏ కుటుంబానిదో తెలుసుకోండి

తెలిసినవారు ఈ భాగం దాటేయవచ్చు. కంప్యూటర్‌ను ఎవరో సిద్ధం చేసి ఇస్తే, అందులో ఉన్నది ఉబుంటునో మింటో ఫెడోరానో తెలియకుండానే వాడుతుంటాం. టెర్మినల్ తెరిచి ఇది కొట్టండి:

క్యాట్ /ఈటీసీ/ఓఎస్-రిలీజ్

వచ్చిన వరుసల్లో నేమ్ అనే మాట పక్కన మీ వ్యవస్థ పేరు, వెర్షన్ పక్కన దాని సంఖ్య ఉంటాయి. ఉబుంటు, మింట్, డెబియన్ ఒక కుటుంబం. ఫెడోరా వేరు, ఆర్చ్, మంజారో వేరు. ఏ కుటుంబమైనా పద్ధతి ఒకటే, పిలవాల్సిన పేరే మారుతుంది.

రెండో అడుగు: సొంత గోదాము నుంచే తెచ్చుకోండి

గోదాము అంటే మీ లినక్స్ తయారుచేసినవారే ప్రోగ్రాములు ఉంచే చోటు. ఉబుంటు, మింట్, డెబియన్ వాడేవారు ఈ రెండు కమాండ్లు ఒకదాని తర్వాత ఒకటి ఇవ్వండి:

సుడో ఆప్ట్ అప్‌డేట్

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ మ్యాజిక్-వర్మ్‌హోల్

సుడో అంటే ఆ పనిని నిర్వాహకుడి హక్కుతో చేయమనడం. మొదటిది ప్యాకేజీల జాబితాను తాజా చేస్తుంది. దీన్ని వదిలేసి రెండోది కొట్టి, ప్యాకేజీ దొరకలేదన్న మాట చూసి కంగారు పడేవారే ఎక్కువ. పాస్‌వర్డ్ అడిగినప్పుడు మీరు కొట్టే అక్షరాలు తెర మీద కనబడవు, చాలా చోట్ల చుక్కలు కూడా రావు. కీబోర్డు చెడిపోలేదు, కొట్టి ఎంటర్ నొక్కండి. తర్వాత అది ఇన్ని ప్యాకేజీలు వస్తాయి, ఇంత చోటు పడుతుంది అని లెక్క చెప్పి అనుమతి అడుగుతుంది. వై నొక్కండి. పైథాన్ లైబ్రరీలు, అంటే ప్రోగ్రాములు వాడుకునే కోడు మూటలు, కొన్ని వెంట వస్తాయి, ఒక్క పనిముట్టుకు ఇంత పెళ్లి బృందమా అనిపిస్తుంది. అవన్నీ దీనికి అవసరమైనవే.

ఉబుంటులో అప్పటికీ దొరకలేదని అంటే యూనివర్స్ అనే భాగం ఆపేసి ఉందన్న మాట. దాన్ని తెరవండి:

సుడో యాడ్-ఆప్ట్-రిపాజిటరీ యూనివర్స్

ఆపైన పై రెండు కమాండ్లూ మళ్లీ ఇవ్వండి.

ఫెడోరాలో:

సుడో డీఎన్‌ఎఫ్ ఇన్‌స్టాల్ మ్యాజిక్-వర్మ్‌హోల్

ఆర్చ్, మంజారోలలో, ఇక్కడ ఎస్ మాత్రం పెద్ద అక్షరం:

సుడో ప్యాక్‌మ్యాన్ -ఎస్ మ్యాజిక్-వర్మ్‌హోల్

ప్యాకేజీ పేరు మ్యాజిక్-వర్మ్‌హోల్ అయినా, కమాండ్ పేరు ఉట్టి వర్మ్‌హోల్. ఇన్‌స్టాల్ అయిందో లేదో చూడటానికి:

వర్మ్‌హోల్ --వెర్షన్

వెర్షన్ ముందు రెండు అడ్డగీతలు. ఒక సంఖ్య కనబడితే పని పూర్తయినట్టే. మీ దగ్గర పాత వెర్షన్, అవతల కొత్తది ఉన్నా మామూలు ఫైళ్లు పంపుకోవడానికి ఇబ్బంది ఉండదు. కొత్త సంఖ్య కోసం ఆరాటపడకండి.

పిప్ దారి ఎప్పుడు, ఎలా

మీ వ్యవస్థ గోదాములో ఈ ప్యాకేజీ లేకపోతేనో, అందులోని వెర్షన్‌తో నిజంగా ఇబ్బంది వస్తేనో పైథాన్ వారి గోదాము నుంచి తెచ్చుకోవాలి. అక్కడి నుంచి తెచ్చిపెట్టే పనిముట్టు పేరు పిప్. ఇక్కడే నేను ఒకసారి చేతులు కాల్చుకున్నాను. పాత లాప్‌టాప్‌లో సుడో పెట్టి పిప్ ఇన్‌స్టాల్ కొట్టాను. అది వెంట తెచ్చిన ఒక లైబ్రరీ, వ్యవస్థ వాడుకుంటున్న అదే లైబ్రరీ మీద పరుచుకుని కూర్చుంది. మర్నాటి నుంచి అప్‌డేట్ చేసే కిటికీ తెరుచుకోవడం మానేసింది. ఏది ఎవరిదో విడదీయడానికి ఒక ఆదివారం పట్టింది.

ఇప్పుడు ఆ తప్పు చేయడం అంత సులువు కాదు. డెబియన్ 12, ఉబుంటు 23.04 నుంచి పిప్ నేరుగా వ్యవస్థలో చెయ్యి పెట్టబోతే, ఇది బయటివారి నిర్వహణలో ఉన్న చోటు అంటూ ఎర్ర అక్షరాలతో అడ్డుకుంటుంది. వెతికితే ఆ అడ్డు తొలగించే మార్గం కూడా ఎవరో ఒకరు చెబుతారు: --బ్రేక్-సిస్టమ్-ప్యాకేజెస్ అని చేర్చమంటారు. దాని పేరులోనే వ్యవస్థను విరగ్గొట్టు అని ఉంది. అంత నిజాయతీగా పేరు పెట్టిన తర్వాత కూడా వాడితే తప్పు మనదే.

దానికి బదులు పిప్ఎక్స్ వాడండి. పిప్ చివర ఎక్స్ అక్షరం అంతే. ఇది ఒక్కో పనిముట్టుకూ విడి గది కట్టి, దాని లైబ్రరీలను అందులోనే ఉంచుతుంది. ఉబుంటు, డెబియన్‌లలో వరుస ఇది:

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ పిప్ఎక్స్

పిప్ఎక్స్ ఎన్ష్యూర్‌పాత్

పిప్ఎక్స్ ఇన్‌స్టాల్ మ్యాజిక్-వర్మ్‌హోల్

మొదటిదానికే సుడో ఉంది, మిగిలిన రెండింటికీ లేదని గమనించండి. రెండో కమాండ్ ఇచ్చాక టెర్మినల్ మూసి కొత్తది తెరవాలి, లేకపోతే వర్మ్‌హోల్ అని కొట్టినా అలాంటి కమాండ్ లేదని అంటుంది. ఇన్‌స్టాల్ కాలేదేమో అనుకుని మళ్లీ మళ్లీ చేయకండి. అది మీ హోమ్ ఫోల్డర్‌లో, చుక్కతో మొదలయ్యే లోకల్ అనే ఫోల్డర్ కింద, బిన్‌లో భద్రంగా ఉంటుంది. పాత టెర్మినల్‌కు ఆ చిరునామా తెలియదు, అంతే.

ఇలాంటి పనిముట్లలో క్రాక్ కూడా పేరున్నదే. గో భాషలో రాసినది, మధ్యలో తెగిన పంపకాన్ని ఆగిన చోటి నుంచి అందుకోగలదు, ఆ గుణం మ్యాజిక్ వర్మ్‌హోల్‌కు లేదు. కానీ దాన్ని పెట్టుకోవడానికి ఎక్కువగా కనబడే చిట్కా, కర్ల్ అనే దించుకునే పనిముట్టుతో ఒక స్క్రిప్టు దించి, చూడకుండానే నేరుగా కమాండ్లు నడిపే బాష్‌కు అందించే ఒక్క వరుస. ఆ స్క్రిప్టు మంచిదే కావచ్చు. అయినా కొత్తగా నేర్చుకునేవారికి ఆ అలవాటు నేను నేర్పను. కావాలంటే స్క్రిప్టును ముందు ఫైలుగా దించుకుని, చదివి, తర్వాత నడపండి. లేదా మీ గోదాములో క్రాక్ ప్యాకేజీ ఉందేమో చూడండి.

పంపడం

ముందు చిన్న ఫైలుతో, మీ ఇంట్లోనే రెండు టెర్మినల్ కిటికీలు తెరిచి చూసుకోండి. అవతలివారిని ఫోన్లో నిలబెట్టి మనం తడుముకోవడం బాగుండదు. ఫైలున్న ఫోల్డర్‌లోకి సీడీ కమాండ్‌తో వెళ్లి:

వర్మ్‌హోల్ సెండ్ పెళ్లి.ఎంపీ4

ఫైలు పేరులో మొదటి రెండు మూడు అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కితే మిగతాది అదే పూరిస్తుంది. పేరులో ఖాళీలున్న ఫైళ్లకు ఇది తప్పనిసరి అనుకోండి. కొద్ది క్షణాల్లో తెర మీద ఇలాంటి కోడు వస్తుంది:

7-పొటాటో-టైగర్

కమాండ్ అక్కడే ఆగి ఎదురుచూస్తుంది. కిటికీ మూయకండి. ఈ కోడును అవతలివారికి ఫోన్లో చెప్పండి. ఎదురుగా ఉంటే నోటితో చెప్పండి. నమ్మకమైన చాట్‌లో రాసినా సరే. అందరూ చదివే గ్రూపులో మాత్రం పెట్టకండి. కోడు ముందుగా ఎవరు కొడితే ఫైలు వారిదే, మీ మేనమామకు పంపాలనుకున్నది మరొకరికి చేరుతుంది.

అవతలివారు చేయాల్సింది:

వర్మ్‌హోల్ రిసీవ్

కోడు అడుగుతుంది. అంకె కొట్టి, అడ్డగీత కొట్టి, మాటలో ఒకటి రెండు అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కమనండి. మిగతా అక్షరాలు అవే వస్తాయి. ఫోన్లో ఇంగ్లీషు స్పెల్లింగ్ చెప్పుకునే అవస్థ దీనితో సగం తీరుతుంది. తర్వాత ఫైలు పేరు, పరిమాణం చూపించి సరేనా అని అడుగుతుంది. వై కొట్టి ఎంటర్ నొక్కాలి. కొన్ని వెర్షన్లలో ఉట్టి ఎంటర్ నొక్కితే వద్దన్నట్టు లెక్క, పంపకం రద్దవుతుంది. మా తమ్ముడు మొదటిసారి చేసింది అదే.

ఫైలు వారు ఏ ఫోల్డర్‌లో ఉండి కమాండ్ ఇచ్చారో అక్కడికే వస్తుంది. అదే పేరుతో అక్కడ ముందే ఫైలుంటే దాని మీద రాయడానికి ఒప్పుకోదు, తప్పు చూపించి ఆగిపోతుంది. డిస్కులో చోటు చాలకపోయినా ముందే చెప్పేస్తుంది. ఫోల్డర్ మొత్తం పంపాలంటే ఫైలు పేరు బదులు ఫోల్డర్ పేరు ఇవ్వండి. జిప్ కట్టడం, అవతల విప్పడం అదే చూసుకుంటుంది. ఏ పేరూ ఇవ్వకుండా వర్మ్‌హోల్ సెండ్ అని మాత్రం కొడితే నాలుగు మాటల సందేశం రాయమంటుంది. వైఫై పాస్‌వర్డ్ లాంటివి పంపడానికి నేను ఎక్కువగా వాడేది ఇదే.

ఈ కమాండ్లకు సుడో ఎక్కడా పెట్టకండి. పెడితే వచ్చిన ఫైలుకు యజమాని రూట్, అంటే నిర్వాహకుడు, అవుతాడు, మీ ఫైలును మీరే మార్చలేని స్థితి వస్తుంది.

రెండే మాటలు సరిపోతాయా?

ఇంత చిన్న కోడు చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. అంకె ఉట్టి గుర్తు మాత్రమే. ఇద్దరినీ కలిపే చిన్న సర్వరు ఒకటుంది, మెయిల్‌బాక్స్ సర్వరు అంటారు, అందులో ఏ గదిలో కలవాలో ఆ అంకె చెబుతుంది. రహస్యమంతా రెండు మాటల్లో ఉంది. ఆ మాటలు సర్వరుకు వెళ్లవు. స్పేక్2 అనే పద్ధతిలో రెండు కంప్యూటర్లూ ఆ చిన్న రహస్యం నుంచి ఒక పెద్ద తాళంచెవిని, బయటివారికి అందకుండా, తయారుచేసుకుంటాయి. ఫైలుకు వేసే తాళం అదే.

మాటలు పీజీపీ అనే గుప్తలేఖన ప్రోగ్రామ్ పదాల పట్టిక నుంచి వస్తాయి. 1995లో ప్యాట్రిక్ జువోలా, ఫిలిప్ జిమ్మర్‌మన్ ఫోన్లో చదివి వినిపించడానికే దాన్ని కూర్చారు. రెండు అక్షరనాదాల మాటలు 256, మూడింటివి 256. పొటాటో మూడింటిది, టైగర్ రెండింటిది. మాటలు తారుమారైతే చెవికి ఇట్టే పట్టుబడాలని ఆ ఏర్పాటు. ఇంగ్లీషు చెవుల కోసం కూర్చినది కాబట్టి మనకు కొన్ని మాటలు గొంతు పట్టుకుంటాయి. ఒకసారి నాకు ఆర్డ్‌వార్క్ వచ్చింది, మొదట్లో రెండు ఏ అక్షరాలున్న ఆ మాటను ఫోన్లో మా పిన్నికి చెప్పేసరికి తల ప్రాణం తోకకు వచ్చింది. అలాంటప్పుడు పంతానికి పోకుండా కంట్రోల్, సి కలిపి నొక్కి ఆపేసి, మళ్లీ పంపండి. కొత్త కోడు వస్తుంది.

లెక్క చూస్తే 256ను 256తో హెచ్చిస్తే 65,536. దొంగకు దొరికేది ఒకే ఒక్క ఊహ. తప్పు కొడితే ఆ కోడు అక్కడికక్కడే చచ్చిపోతుంది, మీకు కూడా తప్పు కోడు అన్న సందేశం కనబడుతుంది. అందుకే మీ బంధువు పొరపాటున తప్పు మాట కొట్టినా అదే కోడు మళ్లీ పనిచేయదు, మీరు కొత్తగా పంపాలి. ఇంటి వీడియోలకు ఇది చాలు. ఆస్తి కాగితాల నకళ్లు, బ్యాంకు పత్రాల వంటివి పంపేటప్పుడు నేను మాటలు నాలుగు చేస్తాను:

వర్మ్‌హోల్ సెండ్ --కోడ్-లెంగ్త్ 4 పత్రాలు.జిప్

నెమ్మదిగా వెళ్తోందా, అసలు కదలడం లేదా?

పంపకం మొదలైనప్పుడు కనబడే వరుసను చదవండి. అందులో రిలే అన్న మాట లేకుండా 192.168 వంటి అంకెలు కనబడితే రెండు కంప్యూటర్లూ ఒకే ఇంటి నెట్‌వర్క్‌లో నేరుగా మాట్లాడుకుంటున్నాయి, మీ ఇంటర్నెట్ ప్యాకేజీ ఖర్చు కాదు. రిలే అన్న మాట ఉంటే నేరుగా దారి దొరక్క మధ్యవర్తి సర్వరు గుండా వెళ్తోందని అర్థం. మన దగ్గర మొబైల్ డేటాలోనూ, చాలా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లలోనూ వందలాది ఇళ్లు ఒకే బయటి చిరునామాను పంచుకుంటాయి కాబట్టి ఇది మామూలే. మధ్యవర్తికి తాళం వేసిన బైట్లే కనబడతాయి, లోపల ఏముందో తెలియదు. వేగం మాత్రం తగ్గవచ్చు. ఆ సర్వరును ఉచితంగా నడుపుతున్నారని గుర్తుంచుకుని రోజూ వందల గిగాబైట్లు దాని నెత్తిన పెట్టకండి.

కోడే రాకుండా కమాండ్ బిగుసుకుపోతే ఆఫీసు లేదా కాలేజీ నెట్‌వర్క్ అడ్డుపడుతోందేమో చూడండి. పోర్టు అంటే నెట్‌వర్క్‌లో ఒక తలుపు నంబరు. మెయిల్‌బాక్స్ సర్వరుకు 4000 పోర్టు, మధ్యవర్తికి 4001 పోర్టు వాడుకలో ఉన్నాయి. బ్రౌజర్‌కు కావలసిన 80, 443 తప్ప మిగిలినవి మూసేసే చోట్లు చాలా ఉన్నాయి. ఫోన్ హాట్‌స్పాట్‌కు మారి చూడండి, కోడు వెంటనే వస్తే కారణం తేలినట్టే.

పెద్ద ఫైలు, నమ్మలేని కరెంటు

మధ్యలో కరెంటు పోయినా, నెట్ తెగినా పంపకం మళ్లీ మొదటి బైటు నుంచే. 6 గిగాబైట్లలో 5 వెళ్లాక ఇలా జరిగితే ఎలా ఉంటుందో నాకు అనుభవమే. అప్పటినుంచి పెద్దవాటిని ముక్కలు చేసి పంపుతున్నాను. ప్రతి లినక్స్‌లోనూ ఉండే స్ప్లిట్ చాలు. ఇందులో జి పెద్ద అక్షరం:

స్ప్లిట్ -బి 1జి పెళ్లి.ఎంపీ4 ముక్క.

చివరి చుక్క మరచిపోకండి. ముక్క.ఏఏ, ముక్క.ఏబీ, ముక్క.ఏసీ అంటూ ఒక్కో గిగాబైటు ఫైళ్లు తయారవుతాయి. అసలు ఫైలు చెక్కుచెదరదు, కాబట్టి డిస్కులో ఇంకో అంత చోటు ఉండాలి. ఒక్కో ముక్కను విడివిడిగా, కొత్త కోడుతో పంపండి. తెగితే ఆ ఒక్క ముక్కే మళ్లీ పంపుతారు. అన్నీ చేరాక అవతలివారు వాటన్నిటినీ ఒకే ఫోల్డర్‌లో ఉంచి ఇది కొట్టాలి:

క్యాట్ ముక్క.* > పెళ్లి.ఎంపీ4

అక్షరక్రమంలోనే కలుస్తాయి కాబట్టి వరుస తప్పదు. తర్వాత ఇద్దరూ తమ తమ ఫైలు మీద ఈ కమాండ్ నడపండి:

ఎస్‌హెచ్‌ఏ256సమ్ పెళ్లి.ఎంపీ4

64 అక్షరాల వరుస ఒకటి వస్తుంది. రెండు చోట్లా మొదటి ఆరు, చివరి ఆరు అక్షరాలు ఫోన్లో సరిచూసుకుంటే చాలు. సరిపోయాక ముక్కలను చెరిపేయండి, నేను మరచిపోయి డిస్కు నిండిపోయాక గాని గుర్తించలేదు.

పంపుతున్నంతసేపూ లాప్‌టాప్ మూత మూయకండి. కదలిక లేక అదంతట అదే నిద్రపోకుండా ఉండాలంటే కమాండ్ ముందు సిస్టమ్‌డీ-ఇన్‌హిబిట్ చేర్చండి:

సిస్టమ్‌డీ-ఇన్‌హిబిట్ వర్మ్‌హోల్ సెండ్ ముక్క.ఏఏ

పంపకం ముగిసేదాకా యంత్రం మేలుకునే ఉంటుంది.

ఇంట్లో టెర్మినల్ అంటే భయపడేవారుంటే వారికి వార్ప్ అనే బొమ్మల కిటికీ ప్రోగ్రామ్ పెట్టి ఇవ్వండి. గ్నోమ్ డెస్క్‌టాప్ కోసం రాసినది, లినక్స్ యాప్‌లు ఉండే ఫ్లాట్‌హబ్‌లో దొరుకుతుంది. ఈ కోడులే వాడుతుంది కాబట్టి మీరు టెర్మినల్ నుంచి పంపినది వారు అందులో అందుకోవచ్చు.

తీసేయాలనుకుంటే, పెట్టుకున్న దారిలోనే వెనక్కి వెళ్లాలి. ఆప్ట్‌తో పెట్టుకుంటే:

సుడో ఆప్ట్ రిమూవ్ మ్యాజిక్-వర్మ్‌హోల్

సుడో ఆప్ట్ ఆటోరిమూవ్

రెండోది వెంట వచ్చిన పెళ్లి బృందాన్ని సాగనంపుతుంది. ఏమేం పోతాయో జాబితా చూపిస్తుంది, చదివాకే వై నొక్కండి. పిప్ఎక్స్‌తో పెట్టుకుంటే:

పిప్ఎక్స్ అన్‌ఇన్‌స్టాల్ మ్యాజిక్-వర్మ్‌హోల్

ఏ దారిలో పెట్టుకున్నారో గుర్తులేకపోతే విచ్ వర్మ్‌హోల్ అని కొట్టండి. సమాధానం /యూఎస్‌ఆర్/బిన్‌తో మొదలైతే ఆప్ట్, హోమ్‌తో మొదలైతే పిప్ఎక్స్.